తోలుకోటు లోపలి వైపు

కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని, దర్జీ బ్లేడు అంచుతో ఒక్కొక్క దారప్పోగూ తెంచుతూ కూర్చుంది. ఆ కోటు కుట్టు విప్పడం ఇది నాలుగోసారి. గుడ్డయితే గోరుతో రుద్దితే చిల్లు పూడిపోతుంది. తోలు అలా కాదు, సూది ఒకసారి దిగిందంటే ఆ గుర్తు ఉండిపోతుంది. అందుకే ప్రతిసారీ పాత కుట్టుకు వేలెడు లోపలికి కుట్టి, పైన లైనింగు కప్పేసేది. ఆ మధ్యాహ్నం ఆమెకు ఇప్పటికీ కుట్టు వెంట కుట్టుగా గుర్తు.

ఆ కోటు రాక్ పాటగాడిది. ఒకే బెంచీ మీద చదువుకున్న నాటి నుంచీ ఆమెకు అతను కాకి. ఆమె ముప్పై ఏళ్లుగా కర్టెన్లకు అంచులు కుడుతుంటే, అతని బొంగురు గొంతుకు హాళ్లు నిండాయి.

"మందులు ఇక పనిచెయ్యవన్నారే దొరసానీ," అని అంతకు నాలుగు నెలల ముందు ఆమె కొట్లో స్టూలు మీద కూర్చుని, పంటినొప్పి సంగతి చెప్పినట్టు చెప్పాడు. "చిక్కిపోయానని తెలిస్తే జనం పాట వినరు, నన్ను చూస్తారు. కోటు బిగించి కుట్టు. నోరు కూడా కుట్టుకో."

కుట్టుకుంది. అతని అక్క రెండుసార్లు ఫోన్ చేసి, "టేపు నీ చేతిలోనే ఉంటుందిగా, తగ్గాడా వాడు?" అని అడిగితే, "గుర్రంలా ఉన్నాడక్కా," అంది.

ఆ మధ్యాహ్నం ఆ అక్కే గుమ్మమెక్కింది. సాయంత్రం కచేరీ. తమ్ముణ్ణి పాడనివ్వాలో, ఆసుపత్రికి లాక్కెళ్లాలో తేల్చుకోవాలని వచ్చింది.

"నా కళ్లలోకి చూసి చెప్పు."

దర్జీ కోటు తిరగేసి అక్క ఒళ్లో పెట్టింది.

లోపల నాలుగు వరుసల చిల్లులు. అక్క వేలు మొదటి వరుస నుంచి నాలుగోదాని దాకా మెల్లగా నడిచింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తంటాలు పడుతున్నారు. అది కదిలిపోయాక కూడా ఆమె తల ఎత్తలేదు.

"పాడటం మానేస్తే ఉంటాడా?"

దర్జీ తల అడ్డంగా ఊపింది.

అక్క ముక్కు చీదుకుని, కోటును భుజాలు పట్టి వెలుతురుకెత్తింది. "ఈ ఎడమవైపు వేలాడుతోంది చూడు. ఇంకో పొర దూది పెట్టు. చిన్నప్పట్నించీ వాడికి ఆ భుజం కిందికే."

ఇద్దరూ కలిసి పెట్టారు. నాలుగింటికి అతనొచ్చి, అక్కను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటి, అత్తగార్లిద్దరూ ఒకచోట చేరారు?"

"వాగింది చాల్లే, కూర్చో," అని, అతను చెప్పులు విడిచి కచేరీ బూట్లు తొడుక్కోగానే, అక్క కిందికి వంగి వాటి తాళ్లు కట్టింది.

అతను దర్జీ వైపు చూశాడు. "కుట్టు ఊడినట్టుందే."

"నోటిది ఊడలేదు," అంది ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఆ సాయంత్రం పదకొండు పాటలు పాడాడు. "ఈయనకు వయసే రాదా," అని వెనక వరుసలో ఎవరో అంటే, ఆడవాళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు. అయిదో రోజు మధ్యాహ్నం, అక్క ఇంట్లో, కునుకు తీసినవాడు లేవలేదు. కోటుతోనే సాగనంపారు.

వచ్చేటప్పుడు తీసుకుంటానని వదిలి వెళ్లిన అతని రబ్బరు చెప్పులు, మడమల దగ్గర అరిగి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, దర్జీ కొట్లో స్టూలు కింద అలాగే ఉన్నాయి.