‘అన్నా’ అనే మాట

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిదని మొహమాటానికి కూడా ఎవరూ అనరు. కానీ ఆ జ్వరాన్ని తిట్టినంతగా నేను ఏ మనిషినీ తిట్టలేదు. జర్మనీ యుద్ధం ఆగిన ఏడు దగ్గుతో మొదలై, మా మార్కాపురం తాలూకాలో ఇంటింటికీ తిరిగి మనుషుల్ని ఎత్తుకుపోయింది. నా కోడలు అంకాలమ్మ పుట్టింట్లో దీపం పెట్టే దిక్కు కూడా లేకుండా పోయింది. నా కొడుకు కాటమరాజు మాత్రం చచ్చి బతికాడు. బతికాడు గదా అని పోలేరమ్మకు పొట్టేలును కోశాను. తొందరపడ్డాను.

లేచి మందను తోలుకుపోయిన కొన్నాళ్లకే వాడు చెవులు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరో మాట్లాడుతున్నారంటాడు. నాకేమీ వినపడదు. ఒక పొద్దు సంగటి పెట్టబోయిన అంకాలమ్మను ఎగాదిగా చూశాడు.

“ఎవరమ్మా నువ్వు? మా ఆడామె ఏది?”

“నేనే గదా. ఏంది ఆ మాటలు?” అంది అంకాలమ్మ.

“కాదు. అంకాలమ్మ జ్వరంలో పోయింది. నా చెవిలో చెప్తన్నారు. నాకు విషం పెట్టేదానికి ఆమె జాగాలో నిన్ను తెచ్చినారు.”

అదే మొహం, అదే గొంతు, వాడితో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి. వాడి కంటికి మాత్రం పరాయిది. నేనూ ఆ కుట్రలో ఉన్నానని నా చేతి కూడు కూడా మానేశాడు. మంద దగ్గర మేకపాలు పిండుకు తాగి ప్రాణం నిలుపుకున్నాడు.

బండి కట్టి మార్కాపురంలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన వాడితో చాలాసేపు మాట్లాడి నన్ను పక్కకు పిలిచాడు.

“ఈ జ్వరం తగ్గినాక ఇట్ల మతి చెదిరినోళ్లను ఇంకొందరిని చూసినానమ్మా. జ్వరమే మెదడుకు చేటు చేసిందో, లోపల ముందే ఉన్నదాన్ని లేపిందో నాకు తెలియదు. మందు లేదు. ముందు తిండి తినేటట్టు చూడండి.”

తెలియదని చెప్పడానికి అంత చదువెందుకో. అయినా అబద్ధం చెప్పలేదు, అందుకే ఆయన్ని తిట్టలేదు.

వాడు రోజురోజుకూ ఎండిపోయాడు. లేచి నిలబడలేని స్థితికి వచ్చాక వాడే ఒక దారి చెప్పాడు. “నన్ను అన్నా అని పిలువు,” అన్నాడు అంకాలమ్మతో. “చెల్లెలు విషం పెట్టదు. అప్పుడు తింటా.”

వాణ్ని చూడవచ్చిన మా కులపెద్ద యల్లయ్య ఆ మాట విన్నాడు. “వాడంటే పిచ్చోడు, వాడి మాటకు లెక్క లేదు. మతి ఉన్నదానివి నువ్వు. ఆ మాట నీ నోట వచ్చిందంటే తాళి తెగినట్టే. తోబుట్టువులు కాపురం చేస్తారా?”

“నీ నోట్లో మన్ను పడ, యల్లయ్య బావా,” అన్నాను. “వాడు చచ్చినాక తాళి ఉంటాదా?”

యల్లయ్య తల వంచుకున్నాడే గానీ మాట వెనక్కి తీసుకోలేదు. అంకాలమ్మ నా మొహంలోకి చూసింది. అనమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు నేను. నా కొడుకు బతకాలి, నా కోడలు కోడలిగానే నా ఇంట్లో ఉండాలి. రెండూ దక్కవని తెలిసేసరికి, ఊరంతా గయ్యాళి అనే నాకు నోరు పెగల్లేదు.

ఆమె లోపలికి పోయి సంగటి ముద్ద చేసి, పప్పు పోసి తెచ్చి వాడి ముందు పెట్టింది.

“తిను, అన్నా,” అంది.

వాడు తిన్నాడు. పళ్లెం ఊడ్చుకుని తిన్నాడు. నాకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. ఆ సంతోషానికి సిగ్గు కూడా వేసింది. చేయి కడుక్కుని వాడు ఎన్నాళ్లకో నవ్వాడు.

“అమ్మా, ఈ పిల్ల మంచిది. ఆడబిడ్డను ఎన్నాళ్లని ఇంట్లో పెట్టుకుంటాం? త్రిపురాంతకం దిక్కు సంబంధం చూస్తా. మా అంకాలమ్మ ఉండింటే తనే దగ్గరుండి పెండ్లి చేసేది.”

అంకాలమ్మ వంగి ఎంగిలి పళ్లెం తీసింది.

“అట్లనే, అన్నా,” అంది.