కొండదారి మొదలెక్కడ?

కుక్కర్ మూడో విజిల్ వేసేలోపు నా గుర్తుని మళ్ళీ జరిపేశారు.

ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోను. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అనే ఉమ్మడి మ్యాపు అది. మా ఊరి కొండకి నడకదారి మొదలెక్కడో చూపించే బుల్లి గుర్తుని నేను బస్టాపు వెనక పెడతాను. మ్యాపులో సీనియర్ ఒకాయన దాన్ని ఎత్తుకెళ్ళి పైనున్న కార్ల పార్కింగు దగ్గర పెడతాడు. ఇది మూడోసారి. "మొదలంటే బండి దిగే చోటు సార్" అని వ్యాఖ్య కూడా. నేను సార్‌నని ఆయన గట్టి నమ్మకం. ఆయన గుర్తుని నమ్ముకుని బస్సు దిగినవాళ్ళు లారీల పక్కనే ముప్పావు కిలోమీటరు రోడ్డు పట్టుకుని పోతున్నారు. పోయినవారం ఇద్దరు నర్సులు బిక్కుబిక్కుమంటూ అలా నడుస్తుంటే నేనే కేకేసి, బస్టాపు వెనక టైర్ల షాపు పక్క సందులోంచి చెట్ల కింద దారి చూపించాను. అది తలుచుకుంటే ఒళ్ళు మండింది. "కారు లేనివాళ్ళకి కొండ మొదలవదా?" అని రాసి పడేశాను.

ఎవరి గుర్తు ఉంచాలో తేల్చడానికి ఓటింగు పెట్టేశారు! ఓటేసేది మ్యాపు గీసేవాళ్ళు పదకొండు మంది. పరీక్ష ఫలితాలప్పుడు కూడా నా గుండె ఇంతలా కొట్టుకోలేదు. అంతలో సీనియర్ అడిగాడు: "ఆ సందులో మీరు స్వయంగా నడిచారా సార్? రుజువుంటే అప్‌లోడ్ చెయ్యండి."

రుజువుంది. నలభైఒక్క నడకలు, ఇంటి నుంచి నడిచిన దారంతా గీతలుగా, తేదీతో, టైముతో సహా ఫోన్లో భద్రంగా ఉన్నాయి. చిక్కల్లా అదే. ఇంట్లోవాళ్ళ దృష్టిలో ఆ పొద్దులన్నీ నేను టైలరు దగ్గరున్నాను. "రెండు జతల బట్టలకి ఇన్ని తిరుగుళ్ళా?" అని అత్తయ్య. "నీకేం, ఖాళీయేగా, తిరుగు" అని మా ఆయన. ఖాళీ! ఐదింటికి లేచి, నలుగురికీ డబ్బాలు కట్టి, మామయ్యకి మందులేసి, బట్టలారేసి, అప్పుడు దొరకబుచ్చుకున్న గంటన్నర అది. ఊరికే కొండకి నడకకెళ్తున్నానంటే దానికీ ఏదో పని తగిలిస్తారని భయం. వస్తూ వస్తూ కరెంటు బిల్లు కట్టేసి రా అంటారు. ఇప్పుడు ఈ గీతలు పైకి పెడితే అందరూ చూస్తారు. మా ఆయన రోజూ ఆఫీసుకి దారి వెతుక్కునేది కూడా ఈ మ్యాపులోనే.

"కూర మాడుతోందమ్మా!" అని హాల్లోంచి అత్తయ్య.

స్టవ్ ఆపేసి నొక్కేశాను. నలభైఒక్కటీ! కింద ఇంకో ముక్క రాశాను: "సార్ కాదు, మేడం." మా వంటింటి గుమ్మంలోంచి బయల్దేరిన నీలం గీతలు ఒకదాని మీద ఒకటి పడుతూ సందులో దూరి కొండెక్కేశాయి. అవన్నీ నా కాళ్ళే! గంటలో నా గుర్తుకి ఎనిమిది ఓట్లు. వంటింట్లో నిజంగానే ఒక గెంతు గెంతాను.

సాయంత్రం మా ఆయన ఫోను పట్టుకుని వచ్చాడు.

"ఈ గీతలన్నీ మనింట్లోంచే వెళ్తున్నాయి. నలభైఒక్కసార్లు వెళ్ళావా? నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెబితే కార్లో దించుతానంటారు," అన్నాను. "పార్కింగు దగ్గర."