గొడుగు కర్ర

"కళ్ళల్లో ఆ చెత్త తీసెయ్. ఒక్క తెల్లచుక్క ఉంచు, చాలు" అన్నాడు మా ఆయన బూట్లు తొడుక్కుంటూ. ఇంకా చాలా అన్నాడు. ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చెయ్యాలట. ముడతలు మాట్లాడాలట. కింద చెయ్యి ఒకటి అడ్డంగా ఉంది, కోసెయ్యాలట. ముఖంలో బాధ ఇంకాస్త పెంచాలట, ఫోటో పేరు 'మౌన వేదన' కాబట్టి. సాయంత్రంలోపు ల్యాబుకి పంపేస్తే వాళ్ళే అచ్చు వేసి, ఫ్రేము కట్టి, తిన్నగా ప్రదర్శన హాల్లో తగిలించేస్తారు. ఇదంతా చెప్పి, ఇస్త్రీ చేసిన చొక్కా ఎక్కడుందని అడిగి, అది తన ఒంటి మీదే ఉందని నేను చెప్పాక వెళ్ళిపోయాడు.

మా ఆయన ఫోటోగ్రాఫరు. అమ్మకానికి పెట్టిన ఇళ్ళకీ, కొట్లలో సామాన్లకీ ఫోటోలు తీసి ఇల్లు గడుపుతాడు. ఊళ్ళు తిరిగినప్పుడు మనుషుల్ని తీస్తాడు. అది కళ. తియ్యడం ఆయన పని, తీశాక మిగిలిందంతా నా పని. ఎడిటింగ్ ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే చెబుదామనుకుని ఏళ్ళుగా జవాబు సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. మీ ఆవిడ ఏం చేస్తుందని స్నేహితులు అడిగితే, "ఇంట్లోనే ఉంటుంది, కంప్యూటర్ దగ్గర కాస్త సాయం చేస్తుంది" అంటాడు. మా ఆడపడుచు ఇంకో మెట్టెక్కి, "వదినదే హాయి, కుర్చీలో కూర్చుని బొమ్మలు చూడ్డమే పని" అంటుంది. ఆ కుర్చీ ఎక్కడుందో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. వంటింటికీ బాత్రూమ్‌కీ మధ్య, వాషింగ్ మెషీన్ పక్కన ఉంది. మెషీన్ గిర్రున తిరిగేటప్పుడు బల్ల వణుకుతుంది, బల్లతో పాటు తెర మీద బాణం గుర్తు వణుకుతుంది. అందుకని పెద్ద పనులు బట్టలు తిరుగుతుండగా చేస్తాను. కళ్ళూ పెదాలూ లాంటి సన్నపనులు మెషీన్ ఆగాక చేస్తాను. కళాకారిణి మూడ్ గురించి పుస్తకాల్లో రాస్తారు. నా మూడ్ దుప్పట్లు ఆరేదాన్ని బట్టి ఉంటుంది.

ఆ రోజు దుప్పట్లే వేశాను. అవి తిరుగుతుండగా ఫోటో తెరిచాను.

ఏరు దాటించే లాంచిలో ఒకామె. నడివయసు, తలకి చుట్టుకున్న గుడ్డ, గాలికి ఎండిన చెంపలు. రేకు కప్పు కింద నీలం రంగేసిన బెంచీ మీద కూర్చుని ఉంది. చూపు కెమెరాకి కొంచెం పక్కగా ఎటో ఉంది. ఆ చూపు గురించే మా ఆయన నలుగురు కూడిన ప్రతి చోటా కథ చెబుతాడు. ఎంతసేపు కాచుకున్నాడో, ఎంత ఓపిక పట్టాడో, చివరికి ఆమె తన లోలోపలి బాధలో మునిగిపోయిన ఆ క్షణాన్ని ఎలా ఒడిసి పట్టాడో. "నేను తీస్తున్నట్టు ఆమెకి తెలియనే తెలియదు" అన్నది ఆ కథలో ఆఖరి మాట. అందరూ తలలూపుతారు. నేను కప్పులు తీస్తుంటాను.

రంగు తీసేస్తే బ్లాక్ అండ్ వైట్ వచ్చేస్తుందని జనం అనుకుంటారు. రాదు. బూడిద వస్తుంది. అంట్లు తోమిన నీళ్ళలాంటి బూడిద. ఏ రంగు ఎంత నల్లబడాలో, ఏది ఎంత తెల్లబడాలో కూర్చుని ఒక్కోటీ చెప్పాలి. ఎరుపు వాటా పెంచితే మనిషి చర్మం వెలుగుతుంది, గీతలు మెత్తబడతాయి. నీలం వాటా పెంచితే అదే చర్మం మీద మచ్చలన్నీ పైకి లేస్తాయి, కళ్ళ కింద గుంటలు పడతాయి. మా ఆయన ఎప్పుడూ నీలమే పెంచమంటాడు. పెంచాను. చూస్తుండగానే ఆమె ముసలిదైపోయింది. ఇల్లు కూలిపోయిన మనిషిలా, బిడ్డ పోయిన మనిషిలా అయిపోయింది. వెనక్కి జరిపాను. మళ్ళీ మామూలు మనిషి. ముందుకి జరిపాను, బిడ్డ పోయింది. వెనక్కి జరిపాను, బిడ్డ బతికింది. ఒక వేలు కదిపితే ఒక మనిషికి ఇంత కష్టం తెచ్చిపెట్టొచ్చా? మరి నిజంగా ఆమెకి ఏమైంది? నేనూ ఆ లాంచిలో ఉన్నాను కదా. ఆమె బాధపడుతున్నట్టు నాకెందుకు గుర్తులేదు?

అలా పుట్టింది నాకు ఆరా. తగువు పెట్టుకోవాలనో, ఎవరినో నిలదీయాలనో కాదు. ఊరికే తెలుసుకోవాలని. ఆమె దేన్ని చూస్తోంది?

మెషీన్ ఆగింది. బల్ల కుదురుకుంది. కంటిని తెరంతా నిండేలా పెద్దది చేశాను. నల్లగుడ్డులో మా ఆయన చెత్త అన్నది కనిపించింది. వెనక తెల్లటి ఆకాశం, దాని ముందు నల్లటి గొడుగు, గొడుగు కింద మోచేతులు రెండూ బయటికి పెట్టి నిలబడ్డ పొట్టి ఆకారం. అది మా ఆయన, కెమెరాతో. గొడుగుని మోస్తూ పక్కనే నిలువుగా ఒక గీత. అది గొడుగు కర్ర అనుకున్నాను. చెరిపేసే బ్రష్ తీసుకుని దాని మీద పెట్టాను కూడా. పెట్టాక ఆగాను. గొడుగు కర్ర అంత లావుంటుందా? పైగా గొడుగు కింద ఉండాలి కదా, ఇది గొడుగుకి బయట ఉందేంటి? ఇంకాస్త పెద్దది చేశాను. కర్రకి భుజం ఉంది. భుజానికి సంచి ఉంది.

నేనే. నన్ను నేను చూసుకుని కర్ర అనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు జల్లు పడుతోంది. కెమెరా తడవకూడదన్నాడు. నా సంగతి నేనూ అడగలేదు, ఆయనా అనలేదు. ఒక చేత్తో గొడుగు ఆయన మీదికి చాచి పట్టుకుని, రెండో భుజాన సంచులు వేసుకుని, నేను వానలో నిలబడ్డాను. అంటే ఆమె చూపు ఏ లోలోపలికీ పోలేదు. తిన్నగా నా మీదికి వచ్చింది.

మా ఆయన ఒక ఫోటోని ఎన్నుకున్నాక దాని ముందూ వెనకా తీసినవి ఎవరూ తెరవరు. నేను తెరిచాను. మొదటిదాంట్లో ఆమె నీళ్ళ వైపు చూస్తోంది, పక్కన బెంచీ మీద పెద్ద మూట ఉంది. తర్వాతిదాంట్లో తల ఇటు తిరిగింది, మూట మీద చెయ్యి పడింది. ఆ తర్వాతది మా ఆయన ఎన్నుకున్నది. అందులో మూట ఆమె ఒళ్ళోకి వచ్చేసింది, ఖాళీ అయిన చోట చెయ్యి చాపి ఉంది. కోసెయ్యమన్న చెయ్యి అదే. దాని తర్వాతదాంట్లో ఆమె సూటిగా కెమెరాలోకి చూస్తూ, పెదవి విరిచి నవ్వుతోంది. దాని మీద మా ఆయన 'వద్దు' అని ఎర్రగుర్తు పెట్టాడు. ఆమెకి తెలియకపోవడమేంటి, శుభ్రంగా తెలుసు. తెలిసే నవ్వింది.

ఆ నాలుగూ తెర మీద పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే అత్తయ్య వేడినీళ్ళ కోసం వచ్చింది. నేను ఆ కుర్చీలో కనిపిస్తే, "ఆటలయ్యాయా?" అనకుండా మా అత్తయ్య ముందుకి పోదు. ఆ రోజు అనలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని, తెర దగ్గరికి ముఖం పెట్టింది.

"ఎవర్నో కూర్చోమంటోందే."

"నన్నే అత్తయ్యా."

"మరి కూర్చున్నావా?"

"లేదు. గొడుగు పట్టుకున్నాను."

గిన్నెలో నీళ్ళు మరుగుతుంటే నేను లేవబోయాను, అత్తయ్య చేత్తో ఆపి తనే వెళ్ళి పొయ్యి ఆపింది. అటు తిరిగే చెప్పింది. మామయ్యగారు రేడియోలు బాగుచేసేవారని నాకు తెలుసు, చుట్టుపక్కల ఆయన చెయ్యి పడితే పలకని రేడియో లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పనిచేస్తున్నంతసేపూ టార్చిలైటు పట్టుకున్నది అత్తయ్యట. నాకు తెలియదు. మా ఆయనకీ తెలిసి ఉండదు. మోకాళ్ళ మీద కూర్చుని, పొయ్యి మీద ఏం మాడుతున్నా లేవకుండా, ఆయన వేలు ఎటు పోతే అటు వెలుతురు పట్టేదట.

"చెయ్యి కాస్త వణికితే 'కదపకు' అనేవారు" అంది.

ఆ నాలుగో ఫోటోలో ఆమె ఎందుకు నవ్విందో నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఆమె రమ్మని బెంచీ తట్టింది. నేను తల అడ్డంగా ఊపి, గడ్డంతో గొడుగునీ దాని కింద ఉన్న ఆయన్నీ చూపించాను. ఆమె మా ఆయన వైపు చూసి పెదవి విరిచింది. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకి రాదు, అయినా ఇద్దరికీ నవ్వొచ్చింది. నా చెయ్యి కదిలింది. ఆయన కెమెరాలోంచి కన్ను తియ్యకుండా, "కదపకు" అన్నాడు.

"పనైపోయాక మామయ్యగారు ఏమనేవారు?" అని అడిగాను.

"ఏమంటారు, రేడియోనే మాట్లాడేది" అంది అత్తయ్య, వేడినీళ్ళు తీసుకుని వెళ్ళిపోతూ. గుమ్మం దగ్గర ఆగి, "ఆ చెయ్యి మాత్రం తీసెయ్యకు అమ్మాయ్" అంది.

మొత్తం చెరిపేసి మొదటినుంచి మొదలుపెట్టాను. ఆయన చెప్పినట్టు నీలం పెంచితే ఆ చెయ్యీ బెంచీ ఒకే బూడిదలో కలిసిపోతున్నాయి. నీలం తగ్గించాను. నీలం బెంచీ బొగ్గులా నల్లబడింది. ఎరుపు పెంచాను. నల్లటి బెంచీ మీద చెయ్యి దీపం పెట్టినట్టు లేచింది. వేళ్ళ కణుపులు, గోళ్ళ సందుల్లో మట్టి, అరచెయ్యి కింద ఖాళీగా ఉన్న తడిలేని చోటు. ముఖం మీద గీతలు ఉన్నాయి, కానీ అవి ఏడుపు గీతలు కావు. నవ్వబోయే ముందు పడే గీతలు. అంచుల్ని ఎక్కడా కోయలేదు. పైన రేకు కప్పు చీకటిగా వదిలేశాను, చుట్టూ వానని తెల్లటి గీతలుగా ఉంచాను. పొడి ఎక్కడుందో, తడి ఎక్కడుందో చూసినవాళ్ళకి చెప్పకుండానే తెలియాలి. ఇక కళ్ళు. కళ్ళల్లో చెత్తని తియ్యలేదు. ఇంకాస్త తేటగా చేశాను.

నిజం చెప్పాలంటే, పంపే ముందు చాలాసేపు వేలు మౌస్ మీదే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన చెప్పింది కాకుండా నాకు తోచింది చేసి పంపడం అదే మొదలు. ఆయన కోప్పడతాడని కాదు భయం. కోప్పడడు, ఆయన కేకలేసే మనిషి కాదు. 'నీకు తెలియదులే' అని ఓ నవ్వు నవ్వుతాడు. తెర మీద ఆమె వైపు చూశాను. చెయ్యి ఇంకా అలాగే చాచి పెట్టుకుని ఉంది, పాపం. పంపేశాను. పంపి, దుప్పట్లు ఆరేశాను.

ప్రదర్శన రోజు హాలు నిండా జనం. గోడల నిండా కొండలు, సూర్యాస్తమయాలు, ముసలివాళ్ళ ముడతలు. మా ఆయన ఫోటో చివరి గోడకుంది. దాని ఎదురుగా చూసేవాళ్ళ కోసం వేసిన బెంచీ ఒకటుంది. మా ఆయన స్నేహితులిద్దరికి కథ చెప్పుకుంటూ నడిచాడు, వెనక నేను సంచి మోసుకుంటూ నడిచాను. ఫోటో ముందుకి వచ్చేసరికి కథ ఆగింది. స్నేహితులు 'ఆహా' అంటున్నారు, అందుకని ఆయన ముఖం నవ్వుతూనే ఉంది. నా దగ్గరికి వంగి గొంతు తగ్గించి అడిగాడు, "ఆ చెయ్యి ఎందుకుంది?"

"ఆవిడ చెయ్యి, ఆవిడకే ఉంచాను" అన్నాను.

ఆయన ఏదో అనబోయాడు. ఈలోగా ఎవరో ఒకావిడ, ఆఫీసు నుంచి అటే వచ్చినట్టుంది, కాలిచెప్పు వదులు చేసుకుంటూ ఫోటోకి దగ్గరగా వెళ్ళింది. కింద అంటించిన 'మౌన వేదన' చీటీ చదివింది. మళ్ళీ ఫోటో చూసింది. ఇందులో వేదనేముందండీ అని మా ఆయన్నే అడిగింది. ఆయన తన కథ మొదలుపెట్టి, ఆమెకి తీస్తున్నట్టు తెలియదని చెప్పబోయాడు. ఆవిడ వినడం లేదు. ముక్కు గాజుకి తగిలేంతగా వంగి ఫోటోలో కళ్ళల్లోకి చూస్తోంది.

"ఎవరో వానలో నిలబడ్డారు. ఈమె వాళ్ళని రమ్మంటోంది" అంది. "ఎవరండీ అది?"

మా ఆయన కూడా వంగాడు. తన ఫోటోని ఆయన అంత దగ్గరగా చూడటం నేనెప్పుడూ చూడలేదు. చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ, మెడలోంచి కెమెరా తీసి, వెనక్కి తిరగకుండానే, ఎప్పటిలాగే, పట్టుకోమని నా వైపు చాచాడు.

కెమెరా గాల్లోనే ఉంది. నేను సంచి నేల మీద పెట్టేసి, అప్పటికే బెంచీ మీద కూర్చున్నాను. చెప్పు వదులు చేసుకున్న ఆవిడకి నా పక్కన చోటు తట్టి చూపించాను.