నలభై రోజుల డ్రైవింగు మాస్టారు

విదేశం నుంచి తిరిగొచ్చిన కొత్తలో అతను ఎవరింటికి వెళ్ళినా కుర్చీ తుడిచి వేసేవారు. రెండో నెలలో తుడవకుండా వేశారు. మూడో నెలకి, కుర్చీ ఎక్కడుందో నీకు తెలుసుగా అన్నట్టు చూడటం మొదలుపెట్టారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదని అతనికి తెలుసు. ఉద్యోగం లేని మనిషి రోజూ కనబడుతుంటే ఎంత గొప్ప మర్యాదైనా అరిగిపోతుంది.

పదకొండేళ్ళు అతను అక్కడ ఒక పెద్ద విమానాశ్రయంలో పనిచేశాడు. ఇంటికి ఫోను చేసినప్పుడు ‘ఎయిర్‌పోర్టులో’ అని మాత్రమే చెప్పేవాడు. ఆ ఒక్క ముక్క మీద బంధువులు ఎవరికి తోచిన మేడ వాళ్ళు కట్టుకున్నారు. చిన్నత్త అతను విమానాలు దించుతాడనుకుంది. పెదనాన్న పెద్ద ఆఫీసరనుకున్నాడు. నిజానికి అతని పని విమానం దిగినవాళ్ళని బస్సెక్కించుకుని భవనం తలుపు దగ్గర దింపడం. దూరం ఆరు వందల మీటర్లు. వేగం ఇరవై అయిదు దాటకూడదు. బస్సుకి క్లచ్చి ఉండదు, గేర్లు వాటంతటవే పడతాయి. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ గుండ్రంగా తిరగడమే గనక ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వెనక్కి నడపాల్సిన పని పడలేదు. ఆ పని కాంట్రాక్టు వేరే కంపెనీకి పోయేసరికి అతనూ రెండు పెట్టెలతో అక్కా బావల ఇంటికి వచ్చి, మేడ మీది గదిలో దిగాడు.

తగిన ఉద్యోగం దొరికేదాకా ఆగుదామనుకున్నాడు. తనకి ఏది తగునో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ఆరు వందల మీటర్ల అనుభవం కావాలని ఏ పత్రికలోనూ ప్రకటన పడలేదు.

ఒకరోజు పొద్దున బావ కాఫీ గ్లాసు పట్టుకుని మేడ మీదికి వచ్చాడు.

“ఒరే, బస్టాండు వెనకాల డ్రైవింగు స్కూలుంది చూడు. అక్కడ నేర్పే మాస్టారికి నడుం పట్టేసిందట. డాక్టరు నలభై రోజులు మంచం దిగొద్దన్నాడట. స్కూలు నడిపే మేడమ్ మనిషి కోసం చూస్తోంది.”

“నలభై రోజులకేనా బావా?”

“తాత్కాలికమే. ఖాళీగా కూర్చోవడం కంటే నయం కదా. పైగా మీ అక్క ఇన్నాళ్ళూ నన్ను చూసే చూపు ఇప్పుడు నిన్నూ చూస్తోంది. అది ఇద్దరం పంచుకుంటే తగ్గే చూపు కాదురా.”

డ్రైవింగు స్కూలంటే టైర్ల దుకాణం పక్కన ఒక్క గది. గోడ మీద రోడ్డు గుర్తుల పటం, ఎండకి ఎరుపంతా గులాబీ రంగుకి తిరిగింది. బల్ల వెనక మేడమ్ కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, మాట మీద మాట పడనివ్వదు.

“ఎన్నేళ్ళ అనుభవం?”

“పదకొండేళ్ళండి.”

“యాక్సిడెంట్లు?”

“ఒక్కటీ లేదండి.”

“కార్లేనా, పెద్ద బళ్ళు కూడానా?”

“నూట పది మంది పట్టే బస్సండి.”

ప్రతి మాటా నిజమే. నిజాలు ఇంత బాగా అబద్ధమాడతాయని అతను ఎప్పుడూ అనుకోలేదు. మేడమ్ లైసెన్సు అడిగితే విదేశీ కార్డు తీసి ఇచ్చాడు. ఆమె అటూ ఇటూ తిప్పి, వెలుతురులో పెట్టి, మెరుస్తున్న బొమ్మని చూసి ముచ్చటపడింది.

“ఇక్కడిది?”

“రెన్యువల్లో ఉందండి.”

దరఖాస్తు కాగితం పెట్టెలో ఉన్న మాట వాస్తవం. దాని మీద పేరు కూడా రాయలేదన్నది ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

మొదటి రోజే ఒక పెద్దావిడ వచ్చింది. ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరు నర్సుగా చేసి రిటైరైంది. అరవై ఒక్కేళ్ళు. ఆ వీధిలో అందరూ సిస్టరమ్మ అంటారు. బిగించి కట్టిన జుట్టు, తెల్ల బూట్లు, చేతిలో చిన్న నోటుపుస్తకం.

“ఈ వయసులో నేర్చుకోవాలని ఎందుకనిపించిందమ్మా?” అని అడిగాడు.

“మా ఆయనకి చూపు తగ్గింది. తాళాలు ఇవ్వమంటే, నీకు నడపడం రాదుగా అంటున్నారు. ఆ మాట అనకుండా చెయ్యాలి,” అంది సిస్టరమ్మ.

ముందు తను నడిపి చూపిస్తానని స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళం తిప్పాడు, గేరు వేశాడు. ఎడమకాలు కింద ఒక పెడల్ ఉందని కాలికి గుర్తు రాలేదు. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

“ఇంజను ఎలా ఆగిపోతుందో ముందు తెలియాలి,” అన్నాడు గంభీరంగా.

సిస్టరమ్మ నోటుపుస్తకంలో రాసుకుంది. కారు మళ్ళీ గెంతింది. మూడోసారి కూడా గెంతాక ఆమె కలం మూసింది.

“అర్థమైంది సార్. ఇప్పుడు ఆగకుండా ఎలా ఉంటుందో చూపిస్తారా?”

ఆ రోజు నుంచి అతనికి రెండు ఉద్యోగాలయ్యాయి. పగలు నేర్పడం, తెల్లవారుజామున నేర్చుకోవడం. స్కూలు తెరవకముందే వెళ్ళి, వెనక మైదానంలో క్లచ్చి మీద కాలు ఎంత నెమ్మదిగా లేపాలో ప్రాక్టీసు చేసేవాడు. వారానికల్లా ముందుకి నడపడంలో బెరుకు పోయింది. వెనక్కి మాత్రం కుదరలేదు. కుడివైపు వెళ్ళాలంటే చక్రం ఎటు తిప్పాలో ఆలోచించేసరికి కారు ఎడమవైపు ముళ్ళకంపలో ఉండేది. టైర్ల దుకాణం వాళ్ళు పాత టైర్లు రెండు వరసల్లో పెట్టుకోమని ఇచ్చారు. అవి గుద్దినా పాడవవని వాళ్ళ ధీమా. నాలుగో రోజుకి ఆ ధీమా కూడా సడలి, ఎందుకైనా మంచిదని కారు బంపరు వంక చూడటం మొదలుపెట్టారు.

అందుకని సిస్టరమ్మ రివర్సు ఎప్పుడని అడిగినప్పుడల్లా, “అది చివర్లో. ముందు పునాది గట్టిపడాలి,” అనేవాడు. పునాది అంత గట్టిగా ఇంకెవరికీ పడి ఉండదు.

ఒక విషయంలో మాత్రం అతనికి సాటి లేదు. అరిచేవాడు కాదు. రెక్క పొడుగే రోడ్డంత ఉన్న విమానాల పక్కన పదకొండేళ్ళు ఇరవై అయిదు వేగంతో తిరిగిన మనిషికి లారీ హారను ఏపాటి. ఎదురుగా ఏదొచ్చినా, “ఆగుదాం. వాళ్ళని వెళ్ళనిద్దాం. మనకేం తొందర,” అనేవాడు. సిస్టరమ్మ చేతులు వణకడం పది రోజుల్లో ఆగిపోయింది. అసలు మాస్టారి అరుపులకి భయపడి మధ్యలో మానేసిన ఇద్దరు టీచరమ్మలు మళ్ళీ వచ్చి చేరారు. మేడమ్ మొహంలో నవ్వులాంటిది కనబడింది. అతను అది చూసి పొంగిపోయి, ఇంటికెళ్ళి అక్కకి తన బోధనా పద్ధతి గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. అక్క చిక్కుళ్ళు ఒలుస్తూ విని, “మరి వెనక బంపరు సొట్టెందుకు పడిందిరా? బావ చూశాట్ట,” అంది.



ఇరవై ఎనిమిదో రోజున సిస్టరమ్మకి పరీక్ష. లైసెన్సు ఆఫీసు వెనక ఆవరణలో సున్నంతో గీతలు గీసి, రెండు వరసలుగా కర్రలు పాతి ఉంచారు. ఆ వరసల మధ్యనుంచి ముందుకి వెళ్ళి, వెనక్కి రావాలి. ఇనస్పెక్టరు గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. కాగితాలు చూసి తలెత్తాడు.

“నేర్పింది మీరేనా? ఇక్కడ మాస్టారి లైసెన్సు నంబరు రాయాలి.”

అతను విదేశీ కార్డు తీసి ఇచ్చాడు. ఇనస్పెక్టరు దాన్ని చాలాసేపు చూశాడు.

“చాలా అందంగా ఉందండి. ఇక్కడ మాత్రం పనికిరాదు. ఇక్కడిదేది?”

“రెన్యువల్లో...”

ఇనస్పెక్టరు కంప్యూటరులో వెతికాడు. “ఏడేళ్ళ కిందట తేదీ అయిపోయింది. ఇంతకాలమైతే మళ్ళీ పరీక్షకి రావలసిందే.” ఇంకా విదేశీ కార్డు వంకే చూస్తూ నిలబడ్డ మనిషిని చూసి ఆయనకే జాలేసింది. “ఇవాళ ఒకాయన రాలేదు. ఆ ఖాళీలో మీ పరీక్ష కానిచ్చెయ్యండి. కారు ఎలాగూ ఉంది. విదేశంలో నడిపినవారికి ఇదెంతసేపు.”

వద్దనడానికి ఒక్క కారణమైనా దొరుకుతుందేమోనని అతను చుట్టూ చూశాడు. బెంచీ మీద పదిహేను మంది కూర్చుని ఉన్నారు. అందరూ ఎలా నడపాలో మాస్టారుని చూసి నేర్చుకుందామని మెడలు సాచారు. అతను అక్కడే ఇంకో దరఖాస్తు తీసుకుని, ఈసారి దాని మీద తన పేరు రాశాడు.

ముందు సిస్టరమ్మ వంతు. ఆమె బూట్ల తాళ్ళు బిగించుకుని కూర్చుంది. ముందుకి వెళ్ళింది, ఆగింది, మెడ తిప్పి వెనక్కి చూసింది, ఒక్క కర్రనీ తాకకుండా వెనక్కి వచ్చింది. అతను నోరెళ్ళబెట్టాడు. ఆమెకి తను రివర్సు నేర్పనే లేదు.

“ఎలా వచ్చిందమ్మా?”

“మీరు రివర్సు నేర్పించరని పదో రోజుకే తెలిసిపోయింది సార్. మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మా సందులో నేర్చుకున్నాను. సరిగ్గా కనబడదు గనక ఆయన భయపడలేదు.”

తరవాత అతని వంతు. ముందుకి వెళ్ళడం చూడముచ్చటగా జరిగింది. ఆ ఆవరణలో అంత నెమ్మదిగా, అంత హుందాగా ఎవరూ వెళ్ళి ఉండరు. విమానం దగ్గరికి వెళ్తున్నట్టే వెళ్ళాడు. తిరిగి రావడంలో మొదటి కర్ర పడింది. దాన్ని తప్పించబోతే రెండోది పడింది. మూడో దాని దగ్గర ఆగి, దిగి, చూసి, మళ్ళీ ఎక్కి, నాలుగోదాన్ని కూడా పడగొట్టాడు. కర్రలు నిలబెట్టే జవాను తన కుర్చీలోంచి లేవడం మానేశాడు. అన్నీ అయ్యాక ఒకేసారి పాతుకోవచ్చనుకున్నాడు కాబోలు.

ఇనస్పెక్టరు కాగితం మీద ఏదో రాసి, గొంతు తగ్గించి అడిగాడు. “ఏమనుకోకండి. అక్కడ మీరు నడిపింది ఏమిటి?”

ఇక అబద్ధం చెప్పే ఓపిక అతనికి లేకపోయింది. ఆరు వందల మీటర్లూ, ఇరవై అయిదు వేగం, గుండ్రటి దారీ, అంతా చెప్పేశాడు. చెబుతుంటే తనకే నవ్వొచ్చింది. ఇనస్పెక్టరు మర్యాదస్తుడు గనక గొడుగు సరిచేసుకునే మిషతో మొహం తిప్పుకున్నాడు. బెంచీ మీదివాళ్ళకి అంత మర్యాద లేదు.

కారు స్కూలుకి చేర్చాలి. మాస్టారికి లైసెన్సు లేదు, శిష్యురాలికి అరగంట కిందట వచ్చింది. సిస్టరమ్మ తాళాలు తీసుకుంది. అతను పక్క సీటులో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“పదకొండేళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదా సార్?” అంది ఆమె, సిగ్నలు దగ్గర ఆగినప్పుడు.

“లేదమ్మా. ఒకసారి ఎవరిదో పెట్టె పడి, దాని చక్రం ఊడింది.”

“అంతేనా?”

“అంతే.”

“మా థియేటర్లో అలా చెప్పగలిగిన డాక్టరు ఒక్కడూ లేడు,” అని గేరు మార్చింది. అది ఓదార్పో, డాక్టర్ల మీద పాత కోపమో అతనికి తెలియలేదు. ఏదైతేనేం, వెన్ను కాస్త నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు.

మేడమ్ అంతా వింది. “అడిగితే చెప్పారు కాదే?” అంది.

“మీరు పెద్ద బళ్ళు నడిపారా అని అడిగారండి, ఎంత దూరం అని అడగలేదు. తప్పు నాదే.”

“పంపించేద్దామనే ఉంది. ఆ టీచరమ్మలిద్దరూ మీరైతేనే వస్తామంటున్నారు.” ఆమె నిట్టూర్చింది. “లైసెన్సు వచ్చేదాకా కారు ముట్టుకోకండి. గదిలో గుర్తులు చెప్పండి.”

అలా మిగిలిన పన్నెండు రోజులూ కర్ర పట్టుకుని గులాబీ రంగు గుర్తులు చూపిస్తూ, ఇవి నిజానికి ఎర్రగా ఉంటాయని చెబుతూ గడిపాడు. నలభై ఒకటో రోజున అసలు మాస్టారు నడుముకి బెల్టు కట్టుకుని వచ్చాడు. మంచం దిగాక ఆయనకి దొరికిన మొదటి శిష్యుడు తన బదులు పనిచేసిన మనిషే. ఆయన బాగా అరిచేవాడు. “వెనక్కి చూడు. వెనక్కంటే అద్దంలోకి కాదు, వెనక్కి. మెడ తిప్పితే ఊడిపోదు,” అని మైదానమంతా వినబడేలా కేకలేస్తుంటే, టైర్ల దుకాణం వాళ్ళు పని ఆపి చూసేవారు. అరుపులు పడితే మనిషికి ఎలా ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది. రివర్సు కూడా అప్పుడే వచ్చింది. రెండోసారి పరీక్షలో ఒక్క కర్రే కదిలింది, పడలేదు.

మేడమ్ అతన్ని మరో రెండు నెలలు ఉండమంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి నాలుగు రోజులూ అతను చెప్పాలి, భయం పోయాక అసలు మాస్టారి చేతిలో పెట్టాలి. ఇది కూడా తాత్కాలికమే అని ఆమె గట్టిగా చెప్పింది. అతను తలూపాడు.

ఆ సాయంత్రం కొత్త లైసెన్సు తెచ్చి ఇంట్లో బల్ల మీద పెట్టాడు. అక్క చేయి తుడుచుకుని వచ్చి, ఫోటో చూసి, “ఇందులో కూడా ముందుకే చూస్తున్నావు,” అని లోపలికి వెళ్ళిపోయింది. బావ ఆ కార్డు తీసుకుని తిప్పితిప్పి చూశాడు. తరవాత జేబులోంచి తన పాత కార్డు తీసి, వంటింటి వైపు ఒక చూపు చూసి, మెల్లిగా అతని ముందుకి తోశాడు.

“కళ్ళజోడు లేదు, ఇందులో తేదీ ఏముందో కాస్త చూసి చెప్పరా.”

అతను చూశాడు. “తేదీ దాటి నాలుగేళ్ళయింది బావా.”

“నాలుగా?” బావ గొంతు ఇంకా తగ్గించాడు. “రోజూ ఆఫీసుకి దీంతోనే వెళ్ళొస్తున్నానే. ఆ ఇనస్పెక్టరు మంచివాడేనా?”

“మంచివాడే. నవ్వొస్తే మొహం తిప్పుకుంటాడు.”

సోమవారం పొద్దున ఇద్దరూ కూరగాయలకని చెప్పి సంచీ పట్టుకుని, లైసెన్సు ఆఫీసుకి నడిచే బయల్దేరారు.