ఉద్యోగానికెళ్లే గొంతు

పొద్దున గిన్నెలు తోమడం అయ్యేసరికి చిలక గొంతు పనికి బయల్దేరేది. చిలక ఒక్కసారి దగ్గేది, అంతే, వంటింటి కిటికీ సందులోంచి అది జారుకునేది. "గొంతు వెళ్లిందా?" అని మొగుడు స్నానాల గదిలోంచి కేకేసేవాడు. వెళ్లిందని చెప్పడానికి ఆవిడ దగ్గర గొంతు ఉంటేగా! గరిటెతో గిన్నె మీద ఒక్కటి వాయించేది. "అయితే కిటికీ వెయ్యి, దోమలొస్తాయి," అనేవాడు.

ఆ మేడల్లో ఇదేం వింత కాదు. పక్కింటాయన గొంతు వార్తలు చదవడానికి పోయేది. పైఇంటి పెద్దావిడ గొంతు ఏదో బ్యాంకు ఫోన్లో "దయచేసి వేచి ఉండండి" అంటూ పొద్దుపుచ్చేది. పగలంతా మెట్ల మీద ఎదురైనవాళ్లు తలలూపుకుని సరిపెట్టుకునేవాళ్లు. సాయంత్రానికి ఎవరి గొంతు వాళ్లింటికి చేరేది. ఇళ్లు కంపెనీవి, ఫోన్లు కంపెనీవి, జీతం ఠంచనుగా పడేది. ఇంకేం కావాలి చెప్పండి?

చిలక అని ముద్దుపేరు పెట్టింది అక్క. అమ్మానాన్నా పోయాక తను బడి మొహం చూడకుండా, కుట్టుమెషీను తొక్కి, చెల్లిని చదివించిన మనిషి. పాత వీధిలో ఇప్పటికీ ఆమె కుట్టుకొట్టు ఉంది. ముందు గదిలో మెషీను, వెనక గదిలో ఆవిడ కాపురం. అక్క ఒట్టి మొండిఘటం. కానీ చెల్లి కాస్త ముక్కు ఎగబీల్చిందంటే చాలు, కరిగి నీరైపోతుంది.

చిలక గొంతుకి కంపెనీ బుజ్జగింపు విభాగంలో పని. కంపెనీ ఏ వీధి మీద కన్నేస్తే ఆ వీధివాళ్లకి ఫోన్ చేసి, తియ్యగా మాట్లాడి, ఖాళీ చేస్తామని సంతకం పెట్టించాలి. ఏం మాట్లాడాలో మేనేజరు నేర్పుతాడు. ఒక సాయంత్రం గొంతు ఇంటికొచ్చి, అలవాటు ప్రకారం రాబోయే పాఠం వల్లెవేసుకుంటోంది. చిలక తన నోట్లోంచే విన్నది. "అక్కా, నేనే. నా మాట విని సంతకం పెట్టెయ్యి."

పాత వీధి మొత్తం సంతకాలు పెట్టేసింది, మిగిలింది అక్క కొట్టొక్కటే. అదీ పోతే అక్కకి ఊరి చివర, ఎక్కడో పై అంతస్తులో ఒక గది ఇస్తారు. చిరిగిన చొక్కా పట్టుకుని అంత పైకి ఎవడెక్కుతాడు? పని లేకుండా ఊరికే కూర్చున్న అక్కని చిలక ఊహించుకోలేకపోయింది.

మొగుడితో చెబుదామని నోరు తెరిస్తే "ఇదంతా మీ మంచికోసమే" అని వచ్చింది. ఈమధ్య ఇదే వరస. పొద్దస్తమానం అవే మాటలు పలికి పలికి గొంతుకి వేరే మాట రావడం మానేసింది. చేతులు తిప్పి చెప్పింది. ఆయనకి అర్థమైంది. అర్థమయ్యే భయపడ్డాడు.

"మనకెందుకే ఈ గొడవ? నీ ఉద్యోగం ఊడితే ఈ ఇంట్లో ఉండనిస్తారా? పడుకో."

రాసి చూపిద్దామంటే అక్కకి చదువు రాదు. మర్నాడు గొంతు రాగానే చిలక పాత వీధికి పరుగెత్తింది. అక్క చొక్కాకి కాజాలు కుడుతోంది. 'సంతకం పెట్టకు' అనబోయింది చిలక. "ఆలస్యం చేస్తే మంచి అవకాశం చేజారిపోతుంది," అంది గొంతు, తేనె ఒలకబోస్తూ.

అక్క పంటితో దారం తెంపి నవ్వింది. "నువ్వూ మొదలెట్టావూ? వాళ్లెవరు చెప్పినా వినేదాన్ని కాదు. నువ్వు అడిగితేనే నాకు కష్టం. ఇక ఆ మాట ఎత్తకు." చిలక అడ్డంగా తల ఊపింది. తలనొప్పేమో అనుకుని అక్క ఆమె నుదురు పట్టుకుని చూసింది.

ఇంటికొస్తూ చిలక ఐసుముక్కలు కొనుక్కుంది. చల్లటివి ముట్టకూడదని కంపెనీ షరతు. గొంతు పాడైతే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారని అందరూ అనుకునేవాళ్లు. దవడలు తిమ్మిరెక్కేదాకా నమిలింది, తడిజుట్టుతో కిటికీ దగ్గర కూర్చుంది. తెల్లారేసరికి గొంతు బొంగురుపోయి, గరగరమంటూ ఎలాగో బయటపడింది. ఇప్పుడో ఇంకాసేపట్లోనో తిరిగొస్తుందని కిటికీ తెరిచి పెట్టుకుని కూర్చుంది చిలక. ఎంతసేపు చూసినా రాలేదు.

పొద్దువాలుతుంటే అక్క వచ్చింది. చేతిలో రెండు సంచులు, వెనక తోపుడుబండి మీద కుట్టుమెషీను.

"నిన్న నా దగ్గరికొచ్చి కూడా మనసులో మాట చెప్పుకోలేకపోయావు కదే," అంటూ చిలకని దగ్గరికి లాక్కుంది. "పొద్దున ఫోన్లో ఆ బొంగురు గొంతు వినగానే నా ప్రాణం విలవిల్లాడింది. ఏడ్చి ఏడ్చి గొంతు అలా చేసుకున్నావా? నీకంటే ఆ కొట్టు ఎక్కువటే నాకు? మారుమాట్లాడకుండా సంతకం పెట్టేశాను. వాళ్లిచ్చే గది వద్దని, ఇవాళే కొట్టు ఖాళీ చేసి నీ దగ్గరికొచ్చేశాను."

ఏడవలేదని చెప్పడానికి చిలక దగ్గర గొంతు లేదు. అక్క చేతులు పట్టుకుని లాగింది, మెషీను చూపించింది, నెత్తి కొట్టుకుంది. "సర్లే, మెషీను ఏ మూలన పెట్టినా పడుంటుంది," అని అక్క వంటింట్లోకి వెళ్లి నీళ్లు కాచింది. ఉప్పు వేసి గ్లాసులో పోసింది. "ముందిది పుక్కిలించు. రెండు రోజుల్లో బాగైపోతుంది."

అప్పుడే మొగుడు ఐసుపెట్టె భుజాన వేసుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "మేనేజరు పంపించాడు. ఇవాళ ఫోన్ చేసినవాళ్లెవరూ కాదనలేదట. ఎవరి బిడ్డో ఏడుస్తోందనుకున్నారట. జీతం పెంచారే! ఆ బొంగురు మాత్రం పోనివ్వద్దన్నాడు, పోతే వేరే గొంతుని చూసుకుంటారట."

అక్క గ్లాసు పట్టుకునే చెల్లి వైపు తిరిగింది. "అంటే నువ్వు ఏడవలేదా?" అంది నెమ్మదిగా.

కిటికీలోంచి గొంతు అప్పుడే లోపలికి జారింది. చిలక కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, ఒక్క మాట, తనదైన ఒక్క మాట అనాలని నోరు తెరిచింది.

"మీ నిర్ణయానికి ధన్యవాదాలు," అంది గొంతు, అచ్చం ఏడ్చినట్టే.

అక్క ఆమె మొహంలోకి చూసింది. మూలన తాళ్లతో కట్టి ఉన్న మెషీను వంక చూసింది. ఇంక తనకీ ఈ ఇల్లే దిక్కు. గ్లాసులో ఉప్పునీళ్లు తూములో పారబోసి, ఐసుపెట్టె మూత తీసింది.