చెత్తకు టార్గెట్

డెబోరా టీచర్ ఏడో తరగతికి చెత్త పాఠం చెప్పిన రోజున సుజితకు జ్వరం. అందువల్ల ఆమె చేతికి పాఠం అందలేదు, కాగితం ఒక్కటే వచ్చింది. అందులో ఏడు గళ్లు. ఇంట్లో చెత్తను రోజూ తూచి ఎన్ని గ్రాములో రాయాలి. అడుగున ఒక ముక్క: 'మొదటి పదిమందికి డంపింగ్ యార్డు చూడటానికి బస్సులో సీటు.'

పోయిన ఏడాది బడి బస్సు కదిలినప్పుడు కూడా సుజిత మంచం మీదే ఉంది. ఈసారి కిటికీ పక్క సీటు కావాలి. బస్సు చెత్తకుప్పకు పోతుందా, చార్మినార్‌కు పోతుందా అన్నది తర్వాతి సంగతి.

కానీ మొదటి పదిమంది ఎవరు? ఎక్కువ తూగినవాళ్లా, తక్కువ తూగినవాళ్లా? కాగితం ఆ మాట చెప్పలేదు.

"గిండ్ల అడిగేదేమున్నది బిడ్డా," అన్నాడు తండ్రి ఎలీషా. పద్దెనిమిదేళ్లుగా ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతున్న మనిషి. "దినాం తూకం రాసుడంటే టార్గెటే. ఏ షిఫ్టు ఎక్కువ తీస్తే గా షిఫ్టుకే బహుమతి. తక్కువ తీసినోనికి ఎవలన్న శాలువా కప్పంగ చూసినవా?"

సుజిత చూడలేదు.

మొదటిరోజు తూకం నలభై గ్రాములు. ఆ ఇంట్లో నాయనమ్మ సువార్త చెత్తను పుట్టనివ్వదు. తొక్కలు మేకకు, మిగిలిన అన్నం కోళ్లకు, కడిగి ఆరేసిన పాలప్యాకెట్లు పాతసామాన్ల బండికి.

"గింతేనా ప్రొడక్షన్?" ఎలీషా ముఖం చిన్నబోయింది. "అమ్మా, గీ ఒక్క వారం జర దుబారా చెయ్యి."

"నాకు రాదు కొడుకా. వచ్చినోళ్లను అడుగు," అని సువార్త కోడలి వైపు చూసింది. కోడలికి వంటింట్లో పని గుర్తొచ్చింది.

ఇక మిగిలింది పక్కిల్లు. సుజిత గుమ్మంలో నిలబడి జన్నత్ బీని అడిగింది: "ఆంటీ, మీ చెత్త జర ఇస్తరా?"

ఆ గుమ్మంలోంచి చక్కెర, కరివేపాకు, గ్యాసుబండ కూడా బదులు పోయాయి. చెత్త అడగడం ఇదే మొదలు. జన్నత్ బీ కాసేపు ఆలోచించింది. "కచరానా? మళ్ల వాపస్ ఇస్తవా?"

"వాపస్ వద్దమ్మీ!" అంటూ కూతురు మహెజబీన్ లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. సుజితదీ ఆమెదీ ఒకటే తరగతి. "దినాం నేనే తెచ్చిస్త. నీకెందుకు ఫికర్?"

మాట తప్పలేదు. రోజూ సాయంత్రానికల్లా సంచి వచ్చేది. స్నేహమంటే ఇదీ అని సుజిత కళ్లు చెమర్చాయి, కొంత ఉల్లిపొట్టు ఘాటుకు కూడా. తూకం అయ్యాక సంచి సువార్త చేతికి పోయేది.

వారం తిరిగాక టీచర్ కాగితాలు చదివింది.

"మహెజబీన్, తొమ్మిది వందల గ్రాములు. క్లాసుకే ఫస్టు! చెత్త ఎంత తగ్గిస్తే అంత గొప్ప."

సుజిత చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. తగ్గిస్తేనా?

"సుజిత, పద్నాలుగు కిలోలు. నలుగురున్న ఇంట్ల పద్నాలుగు కిలోలా? లాస్టు. మహెజబీన్, నువ్వెట్ల తగ్గించినవో చెప్పు, అందరు వింటరు."

మహెజబీన్ అబద్ధమాడే పిల్ల కాదు. అడగనిదే చెప్పే పిల్లా కాదు. ఇప్పుడు అడిగారు.

"సుజితోళ్లకు ఇచ్చిన టీచర్."

టీచర్ సుజిత వైపు తిరిగింది. "అయితే గా చెత్తంత మీ ఇంట్లనే ఉన్నదా?"

"లేదు టీచర్. మేక తిన్నది, కోళ్లు తిన్నయి. అట్టలు, సీసాలు అవ్వ బండికేసింది."

"మరి బయట పారేసిందేంది?"

సుజిత వేళ్లు మడిచింది. "నాలుగు చిప్స్ కవర్లు... ఇంక యాదికొస్తలేదు."

టీచర్ ఫస్టును కొట్టేసి లాస్టు రాసింది. లాస్టును కొట్టేసి ఫస్టు రాసింది. మళ్లీ రెండూ కొట్టేసింది. తక్కువ తూగిన పిల్ల ఏమీ తగ్గించలేదు. ఎక్కువ తూగిన పిల్ల ఇంట్లోంచి నాలుగు కవర్లు తప్ప ఏమీ బయట పడలేదు. చివరికి పెన్నుకు మూత పెట్టింది.

"సీటు మీ అవ్వకు. బస్సుల వచ్చి పిల్లలకు ఆమెనే చెప్పాలె. ఆమెను తోల్కొచ్చే డ్యూటీ నీది. పక్కన కూసో."

సువార్త ఒక పట్టాన నమ్మలేదు. "చెత్త చూసుటానికి బస్సు పెట్టిర్రా? గంత చెత్త ఒక్కకాడనే ఉన్నదా?"

"గుట్టంత ఉంటదట అవ్వా."

సువార్త లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆమె చంకలో మూడు ఖాళీ బస్తాలు ఉన్నాయి.

"ఇవెందుకే?"

"గంతదూరం పోయి ఉట్టిచేతుల వస్తరా ఎవలన్న?"