ముసుగు వేయని మిషను

మా ఆవిడ ఫోను రోజూ ఉదయం ఒకసారి మోగుతుంది. ఆఫీసు నుంచి సందేశం: "మీ హాజరు ఇంకా నమోదు కాలేదు." సాయంత్రం ఇంకొకటి: "ఈ రోజు గైర్హాజరు." ఆమె పోయి నెల దాటింది.

ఉదయం అది మోగే వేళకు మా అమ్మాయి తల దువ్వుకుంటూ ఉంటుంది. మోత వినగానే దువ్వెన ఆగిపోతుంది. మళ్ళీ కదలడానికి కాస్త సమయం పడుతుంది.

"ఫోను ఆపేద్దామా అమ్మా?" అని ఒకరోజు అడిగాను.

"ఆపేస్తే మనకు వినబడదు, అంతేగా నాన్నా. అక్కడ మాత్రం రోజూ రానట్టే రాసుకుంటారు. జ్వరంతో కూడా వెళ్ళిన మనిషిని పట్టుకుని గైర్హాజరేంటి? వెళ్ళి చెప్పు. ఆ మాట తీసేయమను."

నేను బడిపంతులిని. పిల్లవాడు బడి మారితే హాజరుపట్టీలో ఆ పేరు మీద ఎర్రసిరాతో ఒక గీత గీస్తాను. ఆ తరువాత ఆ పేరు పిలవను. ఇదీ అంతే కదా అనుకుని, ఒకపూట సెలవు పెట్టి ఆమె ఆఫీసుకు వెళ్ళాను.

అది నీటి సరఫరా కార్యాలయం. పెళ్ళైన కొత్తలో మెట్ల మీద ఉండగానే టైపు మిషన్ల చప్పుడు వినబడేది. అందులో మా ఆవిడ మిషను ఏదో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆఫీసులో ఆమెను వడగళ్ళక్క అనేవారు. కంప్యూటర్లు వచ్చాక కూడా ఆ చెయ్యి మెత్తబడలేదు. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయేవి. చివరి ఏళ్ళలో హాజరు, సెలవు, సంతకం అన్నీ ఫోన్లోకి వచ్చాయి. దాని అద్దాన్ని కూడా వేలితో పొడిచేది. "పగిలిపోతుందే" అంటే, "మెత్తగా నొక్కితే పని చేసినట్టే ఉండదండీ" అనేది.

ఇప్పుడు మెట్ల మీద నా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. పెద్ద గదిలో సగం బల్లలు ఖాళీ. ఉన్నవాళ్ళు చెవుల్లో ఏవో పెట్టుకుని, ఎదురుగా లేనివాళ్ళతో మాట్లాడుతున్నారు. తలుపు పక్కనున్న తపాలా గుమాస్తా నన్ను చూసి లేచాడు.

"రండి మాస్టారూ. నన్ను చూస్తున్నారుగా, ఉత్తరాలు పోయాయి, గుమాస్తా మిగిలాడు."

నవ్వించబోయాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

సూపరింటెండెంటు గారు ఒకప్పుడు మా ఆవిడ పక్క సీటులో కొత్త టైపిస్టు. పని ఆమె దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు జుట్టు నెరిసింది. నేను చెప్పడం పూర్తికాకముందే తల వంచుకుంది.

"తెలుసు మాస్టారూ. ఆ పేరు ఎదురుగా రోజూ ఎర్రగా పడేది నాకూ కనబడుతుంది."

"తీసేయడం కుదరదా?"

"కుదురుతుంది. పేరు మీద నొక్కితే కారణం అడుగుతుంది. బదిలీ, విరమణ, రాజీనామా, అన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా కింద మరణం అని కూడా ఉంది. అలాంటిది లేదని, పైవాళ్ళకు రాశామని మీకు అబద్ధం చెప్పొచ్చు. ఉంది. నాకే చేతులు రాలేదు."

ఆమె లేచి నన్ను గది చివర కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. అక్కడ ఒక పాత కంప్యూటరు ఉంది. తెర మీద దుమ్ము. వెనక వైర్లు ఇంకా గోడకు తగిలించే ఉన్నాయి. చిన్న దీపం వెలుగుతోంది.

"టైపు మిషన్ల కాలం నుంచి మాకో అలవాటండీ. ఇంటికెళ్ళేటప్పుడు ఎవరి మిషనుకు వాళ్ళే ముసుగు వెయ్యాలి. ముసుగు లేదంటే మనిషి ఇక్కడే ఎక్కడో ఉన్నట్టు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోరు."

"అక్క ఉందా అని అడిగేవాళ్ళం కాదు. అక్క మిషను ముసుగుతన్నిందా అనేవాళ్ళం" అన్నాడు వెనకాలే వచ్చిన తపాలా గుమాస్తా.

"కంప్యూటర్లొచ్చాక అందరం మానేశాం. అక్క మానలేదు. ప్రతి కొత్త మిషనుకూ కొలత తీసి తనే కుట్టుకొచ్చేది. అందరికీ లాప్‌టాప్‌లిస్తే వద్దంది. ముసుగు అక్కర్లేని మిషను అదేం మిషనే అంది." సూపరింటెండెంటు ఆగింది. "ఆరోజు ఇక్కణ్ణుంచే కదా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తిరిగొచ్చి చూస్తే మిషనుకు ముసుగు లేదు. సొరుగుల్లో వెతికాం, లేదు. ముసుగు వెయ్యకుండా అక్క ఎక్కడికీ వెళ్ళదు, వచ్చేస్తుందిలే అనుకున్నాం. ఇప్పుడు ఆ మాట నొక్కబోతే ఇది కనబడుతుంది మాస్టారూ."

"ఎలా ఉంటుంది ఆ ముసుగు?"

"నీలం గుడ్డ, తెల్ల గీతలు. వెనక వైర్లకని ఒక కన్నం, చుట్టూ కాజా కుట్టు."

ఆ గుడ్డ నాకు తెలుసు.

మా ఆవిడ ఆసుపత్రిలో ఉండగా ఇంట్లో దండెం మీద బట్టలు తీసింది నేనే. ముందు రోజు ఆమె ఉతికి ఆరేసినవి. అందులో ఆ నీలం గుడ్డ ఉంది. దిండు గలీబు అనుకున్నాను. తొడిగితే దిండు అందులో జారిపోయింది. వెనక చిరుగు కనబడింది. చిరుగు చుట్టూ అంత చక్కని కుట్టు ఎందుకుందని ఆలోచించలేదు. తెల్ల దారంతో దాన్ని మూసేశాను. అప్పటినుంచీ దాని మీదే పడుకుంటున్నాను.

ఆ సంగతి చెప్పాను. తపాలా గుమాస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అక్కకు తెలిస్తే మిమ్మల్ని బెంచీ ఎక్కించేది మాస్టారూ."

"తీసుకురండి" అంది సూపరింటెండెంటు. "ఒకరి మిషనుకు ఇంకొకరు ముసుగు వెయ్యకూడదు. మీరు ఇంకొకరు కాదు. మీరు వేస్తే నేను నొక్కుతాను."

ఇంటికి వచ్చి దిండు నుంచి గుడ్డ ఊడదీశాను. అమ్మాయి దాన్ని తీసుకుని నా కుట్టు మీద వేలు పెట్టింది.

"ఇదేం కుట్టు నాన్నా, గొంగళిపురుగు పాకినట్టుంది."

"ఉతికి తీసుకెళ్దామా?"

"వద్దు. అమ్మ ఉతికిందే కదా."

మర్నాడు అమ్మాయి కూడా నాతో వచ్చింది. గుడ్డ తెర మీదుగా దించాను. సగంలో ఆగిపోయింది. వెనక వైర్లు అడ్డం. అవి రావలసిన దారిని నేనే మూసేశాను. సూపరింటెండెంటు సొరుగులోంచి కత్తెర తెచ్చింది. నా కుట్టు తెంపడానికి గుడ్డ వెనక్కి తిప్పాను.

"కుట్టు విప్పొద్దు నాన్నా" అంది అమ్మాయి. "వైర్లు తీసేద్దాం. ఇంక అవెందుకు?"

బల్ల కిందకు వంగి ఒక్కొక్కటే లాగింది. దీపం ఆరిపోయింది. గుడ్డ ఈసారి ఎక్కడా పట్టకుండా కిందిదాకా దిగింది. అంచులు మా ఆవిడ ఎలా సర్దేదో నాకు తెలియదు. సూపరింటెండెంటు సర్దబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, "కుడివైపు మడత లోపలికి వేస్తుందండీ" అంది. అలాగే వేశాను.

సూపరింటెండెంటు తన ఫోను తీసి నా వైపు చూసింది. నేను తలూపాను. మెత్తగా నొక్కలేదు. వడగళ్ళక్క పొడిచినట్టే వేలితో గట్టిగా పొడిచింది.

ఈ ఉదయం అమ్మాయి తల దువ్వుకుంటోంది. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ కాచుకున్నాను. ఫోను మోగే వేళ అయింది. మోగలేదు.

దువ్వెన మాత్రం ఆగింది.

కాసేపటికి జడ ముగించి, "నాన్నా, బడికి వేళవుతోంది" అంది.